క్షణభంగవాదం, చేతిగీత యానిమేషన్

ఒక్కొక్క ఫ్రేమునూ చేతితో గీసి తయారుచేసిన యానిమేషన్ చిత్రంలో పాత్ర నడిచినప్పుడు, నిజానికి నడుస్తున్నది ఎవరన్న ప్రశ్న పైకి సాంకేతికంగా కనిపించినా, బౌద్ధులకూ, న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికులకూ మధ్య శతాబ్దాలపాటు సాగిన వాదానికి అదే మూలం. సెకనుకు 24 ఫ్రేములు నడిచే సినిమాలో ఒక్కొక్క బొమ్మను రెండేసి ఫ్రేములపాటు నిలపడం ఈ కళలో పరిపాటి కనుక, ఒక ముసలమ్మ తల తిప్పే ఐదు సెకన్ల సన్నివేశానికి దాదాపు 60 బొమ్మలు కావాలి. వాటిలో ఏ ఒక్కటీ కదలదు, ఒక కాగితం మీది గీత మరో కాగితం మీదికి పోదు. అయినా చూసినవారు ముసలమ్మ తల తిప్పిందంటారే తప్ప అరవైమంది ముసలమ్మలను చూశామనరు.

ఉన్నదంతా పుట్టిన క్షణంలోనే నశిస్తుందనీ, దానివల్ల మరుక్షణంలో దానిని పోలిన వేరొకటి పుడుతుందనీ, సంతానమని పిలిచే ఈ వరుసనే లోకం ఒకే వస్తువుగా భావిస్తుందనీ చెప్పే సిద్ధాంతం క్షణభంగవాదం. దీనిని 8వ శతాబ్దిలో శాంతరక్షితుడు తత్త్వసంగ్రహంలోనూ, 11వ శతాబ్దిలో రత్నకీర్తి క్షణభంగసిద్ధిలోనూ సమర్థించారు. నైయాయికులు ప్రత్యభిజ్ఞను, అంటే ఇది అదేనని గుర్తుపట్టే జ్ఞానాన్ని, వస్తువు స్థిరమనడానికి ప్రమాణంగా చూపగా, బౌద్ధులు క్షణక్షణం కొత్తదైనా ఒకటిగానే కనిపించే దీపశిఖను చూపించి, పోలికను ఏకత్వమనుకోవడం సాధ్యమేనన్నారు. అమరావతి స్తూపానికి చెంది, నేడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న గుండ్రటి ఫలకంలో నలగిరి ఏనుగు ఒకవైపు వీధిలో జనం మీద విరుచుకుపడుతుంది, మరోవైపు బుద్ధుని ముందు మోకరిల్లుతుంది; శిల్పి చెక్కినవి రెండు ఏనుగులే అయినా చూపరి చదువుకునేది ఒకే ఏనుగు కథ. ఈ రెండింటి మధ్య ఎడాన్ని కంటికి ఆననంతగా తగ్గించడమే యానిమేషన్ చేసిన పని. 1957లో ఫిలిమ్స్ డివిజన్ కార్టూన్ విభాగం, డిస్నీ సంస్థలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ మార్గదర్శకత్వంలో, ‘ది బన్యన్ డీర్’ చిత్రానికి జాతక కథను ఎంచుకోవడం ఈ సందర్భంలో గుర్తుచేసుకోదగినది, ఎందుకంటే శాశ్వతమైన ఆత్మ లేదనే ధర్మం, ఆనాటి జింకరాజే ఈనాటి బుద్ధుడని చెప్పే చోటు జాతకమే.

పని జరిగే తీరును దగ్గరగా చూస్తే ప్రశ్న మరింత లోతవుతుంది. తల తిప్పే కదలికకు కళాకారుడు ముందుగా మొదటి భంగిమనూ చివరి భంగిమనూ గీస్తాడు. వీటిని కీ డ్రాయింగులంటారు. తరువాత వాటిని లైట్ బాక్స్ మీద, కాగితాలను కదలకుండా పట్టి ఉంచే పెగ్ బార్‌కు తగిలించి, మధ్య బొమ్మలను గీస్తాడు. ఆ మధ్య బొమ్మ రెండు కొసలకూ సరిగ్గా నడిమిదైతే, తల తిరిగినట్టు కాక పలక జరిగినట్టుంటుంది. అందుకే గడ్డాన్ని కాస్త కిందికి దించి, కనురెప్పలను సగం మూసి గీస్తాడు. ఆ కాగితాన్ని విడిగా తీసి చూస్తే, అందులోని ముఖం ఏ మనిషీ ఏ క్షణంలోనూ ధరించని ముఖంలా ఉంటుంది. నిలిచిన ముక్కలను అతికితే చలనం రాదని 1907లో సినిమా యంత్రాన్ని ఉదాహరణగా తీసుకుని వాదించిన ఫ్రెంచి తత్త్వవేత్త బెర్గ్‌సన్ దృష్టిలో ఉన్న కెమెరాకు, ముందే జరిగిన నిజమైన కదలిక ఒకటుంటుంది. ఇక్కడ ముక్కలకు ముందు కదలికే లేదు కనుక, ఆయన ఆక్షేపణ ఈ కళను అంత తేలికగా తాకదు.

అంతకన్నా ఆలోచింపజేసేది నిలకడ. పాత్ర ఊరక నిలబడిన చోట ఒకే బొమ్మను చాలాసేపు చూపితే అది ప్రాణం పోయినట్టు కనిపిస్తుంది. కనుక అనుభవజ్ఞులు అదే భంగిమను స్వల్ప భేదాలతో మళ్ళీ మళ్ళీ గీస్తారు, అప్పుడు రేఖలు సన్నగా వణుకుతూ పాత్ర ఊపిరి తీస్తున్నట్టుంటుంది. ఉండటమంటే ప్రతి క్షణం కొత్తగా పుట్టడమేనన్న బౌద్ధ వాదానికి ఇంతకన్నా దగ్గరి దృశ్యరూపం దొరకడం కష్టం.

అయినా ఈ పోలిక పూర్తిది కాదు. క్షణికవాదంలో ఒక క్షణం మరుక్షణానికి కారణం; ఇక్కడ ఆరో బొమ్మకు ఐదో బొమ్మ కారణం కాదు, పైగా చివరి భంగిమే ముందు పుట్టి మధ్యభాగం తరువాత వస్తుంది. కారణం గీసినవాడు. అతడు మూడు నాలుగు కాగితాలను వేళ్ళ సందుల్లో ఇరికించుకుని ముందుకూ వెనక్కూ తిప్పుతూ కదలికను పరీక్షించేటప్పుడు, ముందు కాగితాన్ని చూసినవాడే వెనుక కాగితాన్నీ చూడాలి. అనుభవించినవాడూ స్మరించేవాడూ ఒకడే కాకపోతే స్మృతి కుదరదని శంకరులు బ్రహ్మసూత్ర భాష్యం రెండవ అధ్యాయంలో చేసిన ఆక్షేపణ సరిగ్గా ఈ చోటనే వర్తిస్తుంది. చూసేవాడు కూడా ఒక సంతానమేననీ, గత అనుభవం వాసనగా, అంటే సంస్కారపు జాడగా, తరువాతి క్షణానికి అందుతుందనీ బౌద్ధుల సమాధానం. అది తేలికగా కొట్టిపారేయగల సమాధానం కాదు. కానీ దానికి ఆధారాన్ని జ్ఞాపకం పనిచేసే తీరులో వెతకాలే తప్ప కాగితాల్లో కాదు, ఎందుకంటే ఏ కాగితమూ తన తరువాతి కాగితానికి ఏ వాసననూ అందించదు.