ఋతువును చూచుట – ఋణమును తలచుట

సంస్కృతమున ‘ఋ’ అను చిన్న ధాతువు కలదు. కదలుట, చేరుట దాని అర్థములు. ఈ ఒక్క ధాతువు నుండియే మూడు గొప్ప మాటలు పుట్టినవి. క్రమము తప్పక నడచునది ఋతువు. ఎన్నటికిని తప్పని సత్యము ఋతము. తప్పక తీర్పవలసినది ఋణము. అప్పు అను అర్థమున ‘ఋణ’ శబ్దము సిద్ధించునని పాణిని మహర్షి ప్రత్యేకముగా ఒక సూత్రమునే చెప్పెను. ఆ అర్థము లేనిచోట అదియే ‘ఋత’ శబ్దమగును. ఒక తల్లి బిడ్డలైన ఈ మూడు మాటలను కలిపి తలచువానికి ఒక విషయము బోధపడును. మారుచున్న ఋతువు కంటబడినప్పుడు తాను ఎవరికి ఏమి బాకీ ఉన్నాడో అది మనసునకు రావలెను. రానిచో చూచియు చూడనట్లే.

పాలమూరు సీమలో కన్నడదేశపు సరిహద్దున ఉన్న నారాయణపేట పట్టణమును తలచుకొందము. 2019లో ఇది జిల్లా కేంద్రమైనది. చుట్టును ఎఱ్ఱనేలలు, నల్లరేగళ్ళు, రాతిగుట్టలు. వీధులలో మగ్గముల చప్పుడు. మెట్టపైరును నమ్ముకొన్న పల్లెల నడుమ ఉన్న ఊరు. ఇట్టిచోట ఋతుచిహ్నములను కనిపెట్టుట వినోదము కాదు, బ్రతుకుతెరువు.

ఫాల్గుణమున ఊరి వెలుపలి బీళ్ళలో మోదుగ ఆకు రాల్చి నిప్పువన్నె పూవులను దాల్చును. చైత్రము వచ్చునప్పటికి వేప సన్నని తెల్లపూత పూచి ఉగాది పచ్చడికి చేదును సిద్ధము చేయును. వైశాఖమున రేలచెట్టు పసుపుగుత్తులను వ్రేలాడదీయును. ఆ దినములలోనే మరియొక వింత జరుగును. నారాయణపేట భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు 16.7 డిగ్రీల దూరమున ఉన్నది. కావున సూర్యుడు ఏటికి రెండుమారులు, మే మొదటివారపు చివరను, మరల ఆగస్టు మొదటివారమునను, ఈ ఊరికి సరిగా నడినెత్తిపైకి వచ్చును. ఆనాటి మిట్టమధ్యాహ్నమున ధ్వజస్తంభపు నీడ పక్కకు చాగక దాని మొదటనే అణగిపోవును. ఆగస్టులో మబ్బులు అడ్డుపడవచ్చును గాని, మే నెలలో గుడికి వచ్చిన పసిబిడ్డయైనను దానిని చూడగలడు.

తరువాత రోహిణికార్తె. రోహిణి ఎండలకు రోళ్ళు పగులునని పెద్దల మాట. జూన్ 7, 8 తేదీలలో మృగశిర ప్రవేశించును. నైరుతి గాలి తిరుగును. తొలి జల్లునకు మన్ను పరిమళించును. జూన్ 21, 22 తేదీలకు ఆర్ద్ర. అప్పుడు తడిసిన నేలనుండి ఎఱ్ఱని మఖమలు తునకలవంటి ఆరుద్ర పురుగులు వెలికి వచ్చును. వానిని చూచి రైతు ముఖము వికసించును. కంది, జొన్న, పత్తి విత్తువాని కన్ను అప్పుడు ఆకాశమును విడువదు.

నేతగాని కన్నును ఆకాశముమీదనే ఉండును. పడుగునకు గంజి పెట్టి వీధిలో సాచి ఆరబెట్టుటకు పొడి ఉదయము కావలెను. ముసురు పట్టిన దినమున ఆ పని సాగదు. గుంటమగ్గపు గుంట చెమ్మగిల్లును. రైతు వేయి చేతులెత్తి మ్రొక్కిన వానయే నేతగానికి పని నిలిచిన దినము. ఒకే ఋతువు ఒకనికి వరముగను, పక్కయింటివానికి పరీక్షగను వచ్చుచున్నది. అమ్మవారికి నారాయణపేట చీర సమర్పించు భక్తురాలు దాని అంచును మాత్రమే చూచినచో సగమే చూచినట్లు. ఆ నేత వెనుక ఎన్ని ముసురు దినములు ఖాళీగా గడచినవో తలచినచో సమర్పణము సంపూర్ణమగును.

ఈ జిల్లాలోనే తంగిడి చెంత భీమానది కృష్ణలో కలియును. అక్కడ మరియొక చిహ్నము కానవచ్చును. ఊరిమీద చినుకు పడకున్నను ఒక్కొక్కప్పుడు నది ఎఱ్ఱబారి పొంగును. కృష్ణ పుట్టిన మహాబలేశ్వరమున ఏటికి అయిదువేల మిల్లీమీటర్లకు మించి వాన కురియును. సహ్యాద్రి ఆ మేఘములను తనవైపుననే కరగించుకొనుటచే తూర్పున ఉన్న ఈ సీమకు వాన కొద్దియే. అయినను అక్కడి నీరు ఆనకట్టలను దాటి ఇక్కడి గట్టును తాకును. ఎచ్చటనో కురిసిన వానకు ఈ సీమ ఋణపడి ఉన్నదని నది ఏటేట చెప్పిపోవుచున్నది.

శ్రీమద్భాగవత దశమస్కంధమున ఇరువదవ అధ్యాయము వర్షర్తువును, శరత్తును వర్ణించును. అందు శుకయోగి చెప్పిన భావము గమనింపదగినది. సూర్యుడు ఎనిమిది నెలలు తన కిరణములతో భూమియొక్క జలధనమును త్రాగును. కాలము వచ్చినంతనే దానిని తిరిగి విడుచును. లోకములకు వెలుగునిచ్చు దేవుడే తీసుకొన్నదానిని గడువునకు తిరిగి ఇచ్చుచున్నాడు. అట్టియెడ మానవుడు గడువు మరచుట తగునా?

కాలపు గడువును కనిపెట్టుట ఈ సీమవారికి క్రొత్తవిద్య కాదు. కృష్ణ ఒడ్డున ముడుమాల గ్రామము చెంత వేల సంవత్సరములనాటి నిలువురాళ్ళు ఉన్నవి. పది పదునాలుగు అడుగుల ఎత్తు రాళ్ళు సుమారు ఎనుబది అక్కడ పాతబడి ఉన్నవి. అవి మూడువేల అయిదువందల నుండి నాలుగువేల ఏండ్ల పూర్వపువని పరిశోధకులు చెప్పుచున్నారు. ఆయనములు మారు దినములలో సూర్యుని ఉదయాస్తమయములకు సరిపడునట్లు కొన్ని రాళ్ళ వరుసలు నిలుపబడినవి. ఒక రాతిమీది గుంటలు సప్తర్షిమండలపు ఆకారమున ఉన్నవి. 2025లో ఈ స్థలము యునెస్కో వారి ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరినది. అంతకు ఎంతయో పూర్వమే గ్రామీణులు ఒక రాతిని ఎల్లమ్మగా కొలుచుచు, ఆ చోటును నిలువురాళ్ళ తిమ్మప్పదిగా చెప్పుకొనుచు వచ్చిరి. అంతటి రాళ్ళను మోసి తెచ్చి నిలిపినవారు సూర్యుని రాకపోకలను ఒక్కరు చూచి ఊరకుండుటకు నిలుపలేదు. తమ తరువాతివారు కూడ చూడవలెనని నిలిపిరి. అది ముందుతరములపట్ల వారు తీర్చిన ఋణము.

అయితే కాలము తెలిసినంతమాత్రముననే చాలునా? చాలదని కిష్కింధాకాండము బోధించుచున్నది.

వాలివధానంతరము సుగ్రీవునకు రాజ్యము దక్కినది, భార్య దక్కినది. శ్రీరాముడు మాత్రము సీతావియోగముతో ప్రస్రవణగిరి గుహలో ఉండెను. వానలు వచ్చినవి, దండయాత్రకు అది సమయము కాదు. కార్తికము వచ్చినంతనే యత్నము ప్రారంభింపవలెనని రాముడు సుగ్రీవునకు గడువు పెట్టెను. ఆ నాలుగు నెలలు గుహలోనివానికి నూరేండ్లవలె గడచినవి. అంతఃపురములోనివానికి అవి గడచినట్లే తెలియలేదు. వాన ఒక్కటియే, నెలలు అవియే. కష్టమున ఉన్నవానికొక లెక్క, సుఖమున ఉన్నవానికొక లెక్క.

మబ్బు విడిన ఆకాశమును మొదట గుర్తించినవాడు హనుమంతుడు. ఆయన రాజునొద్దకు వెళ్ళి, మిత్రునకు ఇచ్చిన మాట నెరవేర్పవలసిన వేళ వచ్చినదని, రాముడు అడుగకముందే మనము కదలుట ధర్మమని వినయముతో విన్నవించెను. సుగ్రీవుడు సేనలను పదునైదు దినములలో కూర్పుమని నీలునకు ఆజ్ఞ ఇచ్చి మరల భోగములలో మునిగెను. చివరకు లక్ష్మణుడు ధనువుపట్టి వాకిట నిలిచినప్పుడుగాని అతడు మేల్కొనలేదు. అప్పుడును హనుమంతుడు ముఖప్రీతికి పలుకలేదు. ఏడాకులపాల పూచినది, ఆకాశము తేటపడినది, శరత్తు వచ్చి నిలిచినది, కాలమెరిగిన నీవే ఏమరుపాటున దీనిని గమనింపవైతివని చెప్పెను. సుగ్రీవుడు దుష్టుడు కాడు, కృతఘ్నుడును కాడు. తన కష్టము తీరినంతనే ఎదుటివాని కష్టము కొనసాగుచున్నదని మరచినాడు. కిటికీ వెలుపల పూచిన పూవును చూడనివాడు వాకిట నిలిచిన ధనువును చూడవలసివచ్చెను.

నారాయణపేటకు సమీపమున మక్తలులో పడమటి ఆంజనేయస్వామి కొలువై ఉన్నాడు. ఆ స్వామికి ప్రదక్షిణము చేయువారు ఆయన బలమును కోరుదురు, భయనివారణమును కోరుదురు. ఋతువును చూచి మాటను గుర్తుచేసిన ఆయన జాగరూకతను కూడ కోరవలెను.

ఎందుకనగా ఈ సీమలో శరత్తునకు చెట్లమీద కానరాని చిహ్నమొకటి కలదు. భాద్రపద అమావాస్యనాడు తంగేడు, గునుగు పూలతో బతుకమ్మను పేర్తురు. దసరానాడు జమ్మిని పూజించి పాలపిట్టను దర్శింతురు. పండుగ ముగిసి, చేలలో పని తగ్గిన తరువాత కొన్ని ఇండ్ల తలుపులకు తాళములు పడును. తరతరములుగా ఈ పల్లెలవారు కూలికై ముంబయి, పుణె, హైదరాబాదు నగరములకు వలసపోవుచున్నారు. దేశమున ఎన్నియో ఆనకట్టలు, రహదారులు పాలమూరు కూలీల చెమటతో లేచినవి. కాలువ నీరు పారినచోట వలస తగ్గినను అన్ని పల్లెలకును ఆ భాగ్యము అందలేదు. యువదంపతులు వెళ్ళిన ఇంట అరుగుమీద ముసలితల్లి మిగులును. తాతకడ చదువుకొను పిల్లవాడు మిగులును. మోదుగ పూచినదని, పాలపిట్ట కనబడినదని చెప్పుకొను మనము ఆ తాళమును కూడ ఋతుచిహ్నముగా చూచుచున్నామా?

మానవుడు దేవతలకు, ఋషులకు, పితరులకు ఋణియై పుట్టుచున్నాడని వేదము చెప్పినది. శతపథబ్రాహ్మణము నాల్గవదిగా మనుష్యఋణమును కూడ చేర్చినది. దేవఋణము యజ్ఞముచే, ఋషిఋణము అధ్యయనముచే, పితృఋణము సంతతిచే తీరును. మనుష్యఋణము తోడివారికి నీడయు అన్నమును ఇచ్చుటచే తీరును. అది తీర్చుటకు ధనవంతుడే కానక్కరలేదు.

రోహిణి ఎండ మొదలైనదని తెలిసినప్పుడు వాకిట ఒక తొట్టెడు నీరు పశుపక్ష్యాదులకు ఉంచవలెను. ఆరుద్ర పురుగు కనబడినను విత్తనము చేతలేని పొరుగువాడున్నచో అడుగకముందే ఒక మానెడు ఇవ్వవలెను. ముసురు పట్టినప్పుడు పని నిలిచిన నేతగాని పొయ్యి వెలిగినదో లేదో విచారింపవలెను. కలుపుమందు చల్లిన చేలో కలుపుతోపాటు గునుగును మాడిపోవును. గట్టునైనను దానిని విడిచిపెట్టవలెను. రేపటి ఆడబిడ్డలకు బతుకమ్మ పేర్చుకొను హక్కు కలదు.

కార్తికమున ప్రతి ఇంటను దీపము వెలుగును. శ్రీరాముడు సుగ్రీవునకు పెట్టిన గడువు ఆ మాసమే. కావున కార్తికదీపము శివకేశవుల ప్రీతికే గాక ఇచ్చిన మాట గుర్తునకు కూడ వెలుగును. గుడిలో దీపము పెట్టి తిరిగి వచ్చునప్పుడు తాళము పడిన ఇంటి అరుగుమీద కూర్చున్న ముసలితల్లి కడ ఒక్క క్షణము నిలిచి, “తిన్నవా అమ్మా, కొడుకు దగ్గరనుండి కబురు వచ్చినదా?” అని అడిగినవాని దీపము నిజముగా వెలిగినది. ఆ ఇంటికి మృగశిర వానతోపాటు నడచివచ్చు బిడ్డలు తమ తల్లిని సుఖముగా చూతురుగాక. అంతవరకు ఆమెను చూచుకొను భారము ఋతువును చూడగల కన్నున్న ప్రతివానిదియును.