శీర్షప్రహేళిక – ఇచ్ఛకు హద్దు

ఉదయము పెట్టె తెరచినది మొదలు రాత్రి చిట్టా సరిచూచువరకు వర్తకుడు సంఖ్యలతోనే కాలము గడుపును. కాని ఎంత సంఖ్య చేరినచో మనస్సు చాలుననును? ఈ ప్రశ్నకు ఏ ఆవర్జాలోను జవాబు దొరకదు. మన పూర్వులు గణించిన ఒక మహాసంఖ్య ఈ విషయమున మనకు కొంత తెలుపగలదు.

అనుయోగద్వార సూత్రమున 84 లక్షల సంవత్సరములు ఒక పూర్వాంగము. దానిని మరల 84 లక్షలతో హెచ్చవేసిన పూర్వము. ఇట్లు ప్రతి మెట్టునను హెచ్చవేయుచు పోగా 28వ మెట్టు శీర్షప్రహేళిక. దానిని వ్రాయుటకు 194 అంకెలు కావలెను. క్రీ.శ. 850 ప్రాంతమున మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమున పేర్లు పెట్టిన స్థానములు 24 మాత్రమే. 11వ శతాబ్దిలో పావులూరి మల్లన తెనిగించినది ఆ గ్రంథమునే. లోకవ్యవహారమునకు ఆ 24 స్థానములే మిక్కిలి.

ఇంతటి సంఖ్యను విడదీసి చూచిన, అందున్న ప్రధానసంఖ్యలు నాలుగే: 2 అనునది 196 మారులు, 3 అనునది 28 మారులు, 5 అనునది 140 మారులు, 7 అనునది 28 మారులు. అయిదులు 140 గనుకనే చివర 140 సున్నలు వచ్చినవి. దానిని శేషము లేక భాగించు సంఖ్యలు 2,33,60,457. ఇట్లు దాని లోపలి లెక్క యంతయు మన చేతికి చిక్కును. దానికి ఒకటి కలిపితిమా, అంతకంటె పెద్దసంఖ్య సిద్ధము! పైగా ఆ నాలుగింటిలో ఒక్కటియు ఈ క్రొత్త సంఖ్యను భాగింపదు.

కావున శీర్షప్రహేళిక ఎంత పెద్దదైనను సంఖ్యాతమే. అనంతమునకు ఒకటి ఎంత దూరమో, అదియు అంతే దూరము. లక్షాధికారి కోటీశ్వరుడైనను తృప్తికి ఒక్క అడుగైన దగ్గర కాకపోవుట ఇందువలననే.

అట్లయిన, ఎన్నడును అందని మొత్తమును హద్దుగా వ్రాసికొనుట పరిగ్రహ పరిమాణ వ్రతమగునా? అంకెను మాత్రమే చూచినచో అదియు హద్దే, గణితము ఆక్షేపింపదు. కాని ఈ అయిదవ అణువ్రతమునకు ఇచ్ఛాపరిమాణమను పేరును కలదు. కొలువవలసినది పెట్టెలోని ధనమును కాదు, మనస్సులోని కోరికను. పదివేలు గలవాడు కోటికి గీత గీసికొన్నచో, అది కోరికకు కట్టుబాటు కాదు, అనుమతి.

అయినను హద్దు లేనివానికంటె వాడు మేలు. హద్దున్నచో ఏటేట తగ్గించుకొనవచ్చును. లేనిదానిని తగ్గించుట ఎట్లు? ఈ సంవత్సరము క్రొత్త పుస్తకము తెరచునపుడు, ధర్మసోదరులారా, మొదటి పుటలో లాభమునకు ముందు ఆ ఒక్క అంకెను వ్రాసికొందము.