ఓడ ముద్ర వెనక ధర్మసందేహం

శాతవాహన రాజులు అచ్చువేయించిన సీసపు నాణేల్లో ఒక రకం మీద ఓడ బొమ్మ ఉంటుంది. వాసిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి పేర్లతో దొరికిన ఈ నాణేలు క్రీస్తుశకం 2వ శతాబ్దానివి. తూర్పుతీరం పొడవునా అక్కడక్కడా బయటపడ్డాయి. ఓడకు రెండు తెరచాప కొయ్యలు, వాటి కొసల నుంచి ముందుకూ వెనక్కూ బిగించి కట్టిన తాళ్లు, పైకి వంపు తిరిగిన కొనలు, వెనకవైపు చుక్కాని తెడ్లు, అడుగున అలల గీతలు కనిపిస్తాయి. కొన్ని అచ్చుల్లో ఆ అలల మధ్య చేప కూడా ఉంది. రెండో వైపు నాలుగు వలయాలను అడ్డగీతలతో కలిపిన ఉజ్జయినీ గుర్తు. బొటనవేలి గోరంత చోటులో ఆ తాళ్లను దేనికది విడిగా చూపించాలంటే, ఆ అచ్చు చెక్కినవాడు ఓడను దగ్గర నుంచి చూసి ఉండాలి. తాడు ఎక్కడ కడితే కొయ్య నిలుస్తుందో అతనికి తెలుసు. అతని పేరు మాత్రం ఎక్కడా లేదు. అమరావతి, భట్టిప్రోలు, ఘంటసాల, నాగార్జునకొండల రాళ్ల మీద దానమిచ్చినవారి పేర్లు బోలెడన్ని ఉన్నాయి. ఉలి పట్టినవాళ్లు చాలావరకు పేరు లేకుండానే మిగిలిపోయారు.

ఈ కళ పుట్టిన నేల నల్లరేగడి మైదానం. పలనాటి సున్నపురాయి కృష్ణ వెంట దిగువకు వచ్చి ధాన్యకటకంలో, అంటే అమరావతిలో, స్తూపమైంది. అదే నది ఇంకా దిగువన సముద్రంలో కలిసేచోట ఓడరేవులు ఉండేవి. 1వ శతాబ్దపు గ్రీకు నావికుల దారిపుస్తకం ఈ తీరాన్ని మసాలియా అని పిలిచి, ఇక్కడ సన్నని నూలుబట్టలు విస్తారంగా తయారవుతాయని చెప్పింది. 2వ శతాబ్దపు టాలెమీ భూగోళంలో కనిపించే కొంటకోస్సిల రేవు శాసనాల్లోని కంటకసోల, అంటే నేటి ఘంటసాల. సువర్ణభూమికి, అంటే ఆగ్నేయాసియా తీరాలకు, పోయే ఓడలు తీరాన్ని వదిలి నడిసముద్రంలోకి మళ్లే చోటు కూడా ఈ ప్రాంతంలోనే ఎక్కడో ఉందని టాలెమీ సూచించాడు. పత్తి నేల, నూలుబట్ట, రేవు ఒకే బతుకులో భాగాలుగా ఉన్న కాలం అది.

ప్రయాణాల కాలం చలికాలం. ఆశ్వయుజ, కార్తీకాల్లో గాలి దిశ మారుతుంది. ఆ మార్పు జరిగే వారాల్లోనే బంగాళాఖాతం తుపానులతో ఊగిపోతుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఆ కాలంలో వచ్చిందే. తుపానులు తగ్గి ఈశాన్యపు గాలి నిలకడగా వీచడం మొదలైతే తీరం వెంట దక్షిణానికి, సింహళానికి ఓడలు సాగుతాయి. చైనా యాత్రికుడు ఫాహియాన్ 5వ శతాబ్ది తొలినాళ్లలో చలికాలం మొదట్లో తామ్రలిప్తిలో వర్తకుల ఓడ ఎక్కి, అనుకూలమైన గాలితో 14 రోజులకు సింహళం చేరాడు. బౌద్ధ భిక్షువుల వర్షావాసం కూడా సరిగ్గా ఈ గాలి మారే కాలానికే ముగుస్తుంది. వానాకాలమంతా ఒకచోట ఉండాలన్న నియమం తీరి భిక్షువు తిరిగి దారి పట్టేవేళకు వర్తకుడు సరకు కట్టుకుంటున్నాడు. ధర్మం, బేరం ఒకే ఓడ ఎక్కడానికి ఈ ఋతుక్రమం ఎంతో తోడ్పడి ఉంటుంది.

రాళ్ల మీది రాతలు ఈ సావాసాన్ని చూపిస్తాయి. ఘంటసాల శాసనాల్లో ఒకదానిలో శివకుడనే మహానావికుడి పేరు ఉంది. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో బోధిశ్రీ అనే ఉపాసిక తామ్రపర్ణి, అంటే సింహళపు, ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించింది. కాశ్మీరం, గాంధారం, చీనా, వంగం, యవన, ద్రవిడ దేశాల వారిని ధర్మం వైపు తిప్పినవారని ఆ ఆచార్యులను శాసనం కొనియాడుతుంది. బోధిశ్రీ చేసిన దానాల పట్టికలో కంటకసోల మహాచైత్యం దగ్గర కట్టించిన రాతిమండపం కూడా ఉంది. కొండల నడుమ లోయలో ఉన్న ఒక స్త్రీ రేవుపట్టణంలో మండపం కట్టించి, సముద్రం అవతలి గురువులకు ఇల్లు ఏర్పాటు చేసిందన్నమాట.

ఇక్కడే ఒక ధర్మసందేహం ఎదురవుతుంది. వర్తకుడు ఓడ ఎక్కేది లాభం కోసం. ప్రాణం పోయినా సరే, ధనం రావాలన్న పట్టుదల అతనిది. బౌద్ధం అయితే తృష్ణనే దుఃఖానికి మూలమంటుంది, సంసారాన్ని సముద్రంతో పోలుస్తుంది. దాటి బయటపడవలసిన దానిలోకే కోరికోరి దిగేవాడి సాహసం పుణ్యం ఎలా అవుతుంది? అతని డబ్బుతో చెక్కిన రాయి పవిత్రం ఎలా అవుతుంది?

బౌద్ధ కథకులు దీనికి వాదంతో కాక కథలతో జవాబు చెప్పారు. మహాజనక జాతకంలో బోధిసత్త్వుడు పోయిన రాజ్యాన్ని తిరిగి సంపాదించుకోవడానికి ధనం కావాలని సువర్ణభూమికి ఓడ ఎక్కుతాడు. ఓడ మునిగిపోతుంది. తోటివారు దేవతలకు మొక్కుకుంటూ ఏడుస్తుంటే, అతను కడుపునిండా తిని, నూనె పట్టించిన బట్టలు కట్టుకుని, కొయ్య పైకెక్కి దూకి, ఏడు రోజులు ఈదుతాడు. సముద్రాన్ని కాచే దేవత మణిమేఖల వచ్చి, గట్టు కనపడని నీటిలో ఈ ప్రయాస దేనికని అడుగుతుంది. ఫలితం దక్కినా దక్కకపోయినా, తన ప్రయత్నం తాను చేసినవాడు ఎవరికీ బాకీపడడని అతను చెప్పే జవాబు సారాంశం. ఆమె అతన్ని ఎత్తుకుని మిథిలకు చేరుస్తుంది. ఈ కథలో పుణ్యం ధనంలో లేదు, సముద్రంలోనూ లేదు. ఈ కథను వీర్యపారమితకు, అంటే పట్టువిడవని ప్రయత్నమనే గుణానికి, ఉదాహరణగా చెప్పుకొన్నారు. లోభంతో మొదలైన ప్రయాణంలో కూడా మనిషి నిస్పృహకు లొంగని క్షణం ఒకటి ఉంటుంది. ఆ క్షణాన్ని లోభం నుంచి వేరుచేసి చూడటమే ఈ కథ సాధించింది. సుప్పారక జాతకం మరో మెట్టు ఎక్కుతుంది. అందులో బోధిసత్త్వుడే ఓడ నడిపే గుడ్డివాడు. కళ్లు లేకపోయినా నీటి తీరును బట్టి సముద్రాన్ని గుర్తుపట్టి, తాను ఏ ప్రాణినీ కావాలని హింసించలేదన్న సత్యవాక్కు బలంతో ఓడను వెనక్కు మళ్లిస్తాడు. అజంతా చిత్రకారులు మహాజనక కథను 1వ గుహలో గీశారు. 2వ గుహలో మూడు కొయ్యల ఓడను పూర్ణుడనే భిక్షువు కథలో నిలిపారు. ఆంధ్ర నాణెపు ఓడకూ ఆ ఓడకూ మధ్య కాలం చాలా ఉంది. అయినా ఓడ రూపం మీద ఉన్న శ్రద్ధ ఒకటే.

కృష్ణాతీరంతో పేరు ముడిపడ్డ ఆచార్య నాగార్జునుడు మాత్రం సముద్రాన్ని మరోలా వాడుకున్నాడు. శాతవాహన రాజుకు రాసినట్టు సంప్రదాయం చెప్పే సుహృల్లేఖలో, మహాసముద్రంలో తేలే కాడి రంధ్రంలోకి తాబేలు మెడ దూర్చడం ఎంత అరుదో మనిషి జన్మ దొరకడం అంతకన్నా అరుదన్న పోలిక వస్తుంది. ఈ పోలిక ఆయన కంటే పాతది. అయితే ఓడల మీద పన్ను తీసుకునే రాజు చేతిలో పడినప్పుడు దాని బరువు పెరుగుతుంది. రాజు సముద్రంలో రాబడిని చూస్తే ఆచార్యుడు అదే నీటిలో జన్మ విలువను చూపించాడు. తెప్ప గురించిన బుద్ధుడి ఉపమానం ఇంకా కఠినమైనది. ఏరు దాటించిన తెప్పను కృతజ్ఞత పేరుతో నెత్తిన పెట్టుకుని మోయకూడదు, దాటాక వదిలేయాలి. ధర్మం విషయంలోనూ అంతేనని ఆయన అన్నాడు. నిజం ఓడలు నడిపేవాళ్లకు ఈ మాట మింగుడుపడటం తేలిక కాదు. వర్తకుడు ఓడను వదలడు, మళ్లీ వచ్చే చలికాలానికి బాగుచేయించుకుంటాడు.

దానం అన్న ఏర్పాటు ఈ బిగువును కొంత సడలించింది. అమరావతి శాసనాల్లో వర్తకులు, సుగంధద్రవ్యాలు అమ్మేవారు, తోలుపని చేసే విధికుడు, భిక్షుణులు, ఇల్లాళ్లు ఫలకాలకు, స్తంభాలకు దాతలుగా కనిపిస్తారు. సొమ్ము రాయిగా మారితే తిరిగి చేతికి రాదు. ఆ వదులుకోవడమే దాన్ని శుద్ధి చేసిందని వారు నమ్మారు. ఈ నమ్మకాన్ని తేలికగా కొట్టిపారేయకూడదు. తమ పేరుతోపాటు తల్లిదండ్రులను, బిడ్డలను పుణ్యంలో కలుపుకోవడం, సకలప్రాణుల మేలు కోరడం ఆనాటి దానశాసనాల్లో తరచుగా కనిపిస్తుంది. లాభం ఒక్కడిదే. దాని పుణ్యం మాత్రం పదిమందికి పంచేదిగా ఉండాలి. మలయా ద్వీపకల్పంలో దొరికిన 5వ శతాబ్దపు రాతిపలక ఇదే మనసును చూపిస్తుంది. రక్తమృత్తిక అనే ఊరికి చెందిన మహానావికుడు బుద్ధగుప్తుడు దాని మీద స్తూపం చెక్కించి, యాత్ర సఫలం కావాలన్న కోరికను, కర్మ అజ్ఞానం నుంచి పోగుపడుతుందన్న బోధను పక్కపక్కనే రాయించాడు. ఇండోనేషియాలోని సులవేసి దాకా దొరికిన కొన్ని కంచు బుద్ధ విగ్రహాలను అమరావతి శైలివిగా పండితులు గుర్తించారు. అవి ఆంధ్రలో పోతపోసినవా, సింహళంలోనా అన్న చర్చ ఉంది. ఏదైనా, వస్త్రపు మడతలను తీర్చే ఒక పద్ధతి ఇంత దూరం పోయిందంటే అది ఓడల మీదే పోయింది.

వైదిక ధర్మశాస్త్రాల దారి వేరు. బౌధాయన ధర్మసూత్రం మనిషిని పతితుణ్ణి చేసే పనుల్లో సముద్రయానాన్ని మొదట పెట్టి, మూడేళ్ల కఠిన ప్రాయశ్చిత్తం చెప్పింది. మనుస్మృతి సముద్రం దాటినవాణ్ణి శ్రాద్ధానికి పిలవకూడనివారి వరసలో చేర్చింది. అదే మనుస్మృతి మరోచోట సముద్రయానంలో ఆరితేరినవారు నిర్ణయించిన వడ్డీ చెల్లుతుందని ఒప్పుకుంది. పంక్తిలో చోటు లేనివాడి మాటకు బజారులో విలువ ఉందన్నమాట. ఈ నిషేధం వెనక ఆచారం చెడుతుందన్న దిగులుంది. ఓడలో నిప్పు, నీరు, వంట, సంధ్యావందనం సరిగా జరగవు. నియమమే జీవితంగా బతికినవారికి ఆ దిగులు చిన్నది కాదు. కానీ నిషేధం ఉన్నంత మాత్రాన ప్రయాణాలు ఆగలేదు. ఫాహియాన్ జావా ప్రాంతం నుంచి ఇంటికి పోతున్న ఓడలో తుపాను వచ్చినప్పుడు, ఈ శ్రమణుడి వల్లే ఆపద వచ్చిందని, అతన్ని ఏదైనా దీవిలో దించేయాలని బ్రాహ్మణ ప్రయాణికులు ఆలోచించారు. ఒక వర్తకుడు అడ్డుపడి, అతన్ని దించితే నన్నూ దించండని, చైనా చేరాక రాజుకు చెబుతానని బెదిరించి ఆపాడు. అంతకుముందు సింహళం నుంచి బయలుదేరిన ఓడకు చిల్లుపడి వర్తకులు బరువైన సరకులు సముద్రంలో పారేస్తున్నప్పుడు, ఫాహియాన్ తన నీటికుండను, గిన్నెను తానే విసిరేశాడు. వాళ్లు ఎక్కడ తన గ్రంథాలను, ప్రతిమలను పారేస్తారోనని అతని భయం. ఆపదలో ఎవరు దేన్ని వదులుకోవడానికి సిద్ధపడ్డారో ఈ రెండు ఘటనలు విప్పి చూపిస్తాయి. తుపానులో బోధిసత్త్వుడైన అవలోకితేశ్వరుణ్ణి తలచుకున్న ఫాహియానూ, పక్కవాణ్ణి దించేయాలనుకున్నవాడూ ఒకే చెక్కల మీద కూర్చుని ఉన్నారు.

ఆ తర్వాత నిషేధం ఇంకా బిగిసింది. కలియుగంలో చేయకూడని పనుల జాబితాల్లో ద్విజుల సముద్రయానం చేరింది. ప్రాయశ్చిత్తం చేసుకున్నా వారిని తిరిగి కలుపుకోకూడదన్నారు. ఈ మాటలు గ్రంథాల్లోకి ఎక్కుతున్న 13వ శతాబ్దంలోనే, చీరాలకు దక్షిణాన మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో అభయశాసనం వేయించాడు. అది వీరభద్రస్వామి ఆలయంలోని స్తంభం మీద ఉంది. పూర్వపు రాజులు తుపానుకు విరిగి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల నుంచి బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు బలవంతంగా లాక్కునేవారని శాసనం దాపరికం లేకుండా చెబుతుంది. ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని అంత పెద్ద సముద్రపు ఆపదకు ఒడిగట్టినవారికి, నిర్ణయించిన సుంకం తప్ప మిగిలినదంతా దయతోనూ, కీర్తి కోసం, ధర్మం కోసం వదిలిపెడుతున్నామని ప్రకటిస్తుంది. తర్వాత గంధం, కర్పూరం, ముత్యాలు, పట్టు, మిరియాలు వంటి సరకుల సుంకాల వివరాలు వస్తాయి.

రేవుకు ఓడలు రావాలన్న లెక్క ఇందులో ఉంది. కానీ ఆ లెక్కను రాజు చెప్పిన తీరు గమనించదగ్గది. వర్తకుడి లోభాన్ని శాసనం కప్పిపుచ్చలేదు, ధనాన్ని ప్రాణం కన్నా మిన్నగా ఎంచాడనే చెప్పింది. అయినా అతన్ని పతితుడనలేదు. అతని ఉద్దేశం ఎలాంటిదైనా, ఓడ విరిగి ఒడ్డున పడ్డవాడిపట్ల బలవంతుడికి ఒక బాధ్యత ఉందన్నది. సముద్రయానం పాపమా, పుణ్యమా అన్న పాత ప్రశ్నను ఇది ప్రయాణికుడి మీద నుంచి తీసి, గట్టున నిలబడ్డవాడి ముందు పెట్టింది. స్మృతికారులు గానీ జాతక కథకులు గానీ ప్రశ్నను ఈ వైపు నుంచి ఇంత సూటిగా అడగలేదు. గణపతిదేవుడి శైవగురువు విశ్వేశ్వర శివాచార్యులు. ఆయనకు ఇచ్చిన గ్రామాల ఆదాయాన్ని గుడికి, మఠానికే కాక ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, అన్నసత్రానికి కేటాయించినట్టు రుద్రమదేవి కాలంలో, 1261లో గుంటూరు సీమలోని మల్కాపురంలో వేసిన శాసనం చెబుతుంది. ఆపదలో ఉన్నవాడి అర్హత అడగకుండా చేయిచ్చే పద్ధతి ఆ రాజ్యంలో ఒక్క మోటుపల్లికే పరిమితం కాలేదు.

కాకతీయుల తర్వాత రెడ్డిరాజు అనపోతారెడ్డి 1358లో మోటుపల్లికి వచ్చే వర్తకులకు రక్షణ, రాయితీలు ఇస్తూ అక్కడే మళ్లీ శాసనం వేయించాడు. ఆ తరువాతి తరంలో శ్రీనాథుడు తన హరవిలాసాన్ని అవచి తిప్పయసెట్టికి అంకితం ఇచ్చాడు. ద్వీపాంతరాల నుంచి కర్పూరం, గుర్రాలు, ఏనుగులు, సుగంధాలు ఓడల మీద తెప్పించి రాజులకు అందించిన వర్తక కుటుంబం అది. శివుడి లీలలు చెప్పే కావ్యం అవతారికలో ఆ రేవుల పేర్లు, సరకుల పేర్లు గౌరవంగా వచ్చి చేరాయి. ఒకప్పుడు ఓడ బొమ్మను నాణెం మీదికి ఎక్కించినట్టే, ఓడ వర్తకుణ్ణి కృతిభర్తగా కావ్యం తలుపు దగ్గర నిలపడానికి ఈ తీరపు కవి వెనకాడలేదు.