ఇనుము వినని యంత్రం

మా అన్న కొడుకు ఈసారి హైదరాబాద్ నుంచి బట్టల సంచీతోపాటు నేలలో లోహం వెతికే ఒక పొడుగాటి యంత్రాన్ని దించాడు. కింద పళ్ళెమంత చుట్ట, పైన పిడి, చెవులకు తగిలించుకునే గొట్టాలు. నలుగురు స్నేహితులు తలా కొంత వేసుకుని కొన్నారట. తెల్లవారుజామునే దుమ్ముగూడెం వైపు వెళ్ళి, అడవిలో పాడుబడ్డ దొరల బంగళా పాటి మీద తిరిగి, మధ్యాహ్నానికి భద్రాచలంలో మా ఇంటికి వచ్చారు. మిగతావాళ్ళు గోదావరి స్నానానికి పోయారు. వీడు అరుగు మీద కూచుని రుమాలు విప్పాడు. రెండు సీసా మూతలు, గుట్కా పొట్లం రేకు, రాణి ముఖం సగం అరిగిన రాగి పావు అణా, వంకర తిరిగిన నలుపలకల మేకు.

"లంకెబిందెలు దొరకలేదా?" అన్నాను.

"వెక్కిరించకు బాబాయ్. డబ్బు కోసం కాదు, చరిత్ర కోసం."

చరిత్ర అంటే ఏమిటని నేను అడగలేదు. అడిగితే ఇద్దరం అక్కడే కూలబడతాం.

"ఎవరి బంగళారా అది?"

"దుమ్ముగూడెం ఆనకట్ట పని చేయించిన ఇంజనీర్లది. కాటన్ దొర గోదావరి మీద పడవల దారి తెరిచి, పైనున్న పత్తి సీమ నుంచి సరుకు సముద్రానికి దించాలనుకున్నాడు కదా. ఇక్కడ హేగ్ దొర పని చూశాడు. 1871లో సర్కారే ఆపేసింది. చదువుకునే వెళ్ళాం."

చదివాడు, కాదనను. ఇంకొక్క మాట మాత్రం నేను చేర్చాను. 1860 దాకా ఈ ఎడమ గట్టు కూడా నిజాందే. ఆ ఏడు ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది. అవతలి గట్టున హాలీ సిక్కా, ఇవతల రాణి రూపాయి, నడుమ నది. భద్రాచలం అవతలి గట్టున్న అప్పటి ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. "ఈ పావు అణా అవతలి గట్టున పడి ఉంటే ఒక కథ, ఇవతల పడి ఉంటే ఇంకో కథ. నీ రుమాల్లో పడ్డాక ఏ కథా లేదు" అన్నాను.

"చట్టం మాకు అడ్డు రాదులే బాబాయ్. 1878 నాటి చట్టం ప్రకారం పది రూపాయలు దాటితేనే కలెక్టరుకు చెప్పాలి. ఎవరిదో తేలకపోతే దొరికినవాడికి మూడు వంతులు, స్థలం గలవాడికి ఒక వంతు."

"దొరికినవాడికి! పశువులు కాసేవాడి కాలికి తగిలితే దొరకడం అంటారు. నువ్వు గునపం వేసి తీశావు. పైగా అది అడవి శాఖ భూమి."

"ఇంగ్లండులో రైతును అడిగి వెతుకుతారు, దొరికింది అధికారులకు చెప్పి నమోదు చేయిస్తారు..."

"ఇంగ్లండు సంగతి ఇంగ్లండులో చూద్దాం." ఇలా కొట్టిపారేయడం న్యాయం కాదని నాకూ తెలుసు. కానీ వాడి అసలు వాదన ఇంకా రాలేదు. దాని కోసమే ఎదురుచూస్తున్నాను.

వచ్చింది. "వదిలేస్తే తుప్పు పట్టి మట్టిలో కలిసిపోతుంది కదా. మేం తీస్తే బతుకుతుంది."

"నూటయాభై ఏళ్ళు ఎవరు బతికించారు? మట్టే కదా. భూమిలో ఇనుము తన తుప్పులోనే ఒకలా కుదురుకుంటుంది. తీసి గాలి తగిలించావో, పొరలు పొరలుగా రాలడం మొదలు. మ్యూజియం వాళ్ళు తేమ తగలని పెట్టెల్లో పెట్టేది అందుకే. నువ్వెక్కడ పెడతావు?"

"పెన్ను స్టాండులో" అని నవ్వాడు. "మేం కాకపోతే గుప్తనిధుల ముఠాలు తవ్వుకుపోతాయి. రాక్షసగుళ్ళనే పాతకాలపు సమాధుల బండలు పెకలించేది ఎవరు? మేం కనీసం ప్రేమతో తీస్తాం."

"గుంత అంతే లోతుంటుంది కదరా."

ఇంతలో వాళ్ళ పిన్ని టీ తెచ్చింది. మాట పక్కదారి పట్టింది. ఈ ఊళ్ళో సొమ్ము గురించి మాట్లాడుకుంటూ రామదాసు దగ్గరికి పోకుండా ఉండటం కష్టం. పాల్వంచ తహసీలు సొమ్ముతో గోపన్న గుడి కట్టించడం, గోల్కొండ చెరసాల, ఆరు లక్షల మాడలు తానీషా ముందు కుమ్మరించిన అన్నదమ్ములు. మా ఆవిడకు ఆ కథలో నచ్చేది భక్తి కాదు, రసీదు. "రాముడంతటివాడు డబ్బు కట్టి రసీదు పుచ్చుకుని, దాసుడి తలగడ కింద పెట్టాడు. మీరు రసీదు లేకుండా తెచ్చారు" అని గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయింది. నా వాదన కన్నా అది బాగుంది. ఒప్పుకోవడం ఇష్టం లేక యంత్రం వైపు తిరిగాను.

"మిమ్మల్ని ఎవరూ అడ్డగించలేదా?"

"ఒక కోయ తాత దూరం నుంచే ఆగిపోయాడు. మందుపాతరా అని అడిగాడు."

నాకు నవ్వు రాలేదు. ఈ అడవిలో ఆ యంత్రాన్ని అందరూ పోలీసుల చేతిలోనే చూశారు.

"ఈ మేకు ఎందుకు తెచ్చావు?"

"అది పొరపాటు బాబాయ్. ఇనుము వినపడకుండా సెట్టింగు పెట్టుకుంటాం, లేకపోతే అడుగడుక్కీ కూస్తుంది. మొదటి గంట పెట్టడం మరిచిపోయాం. వెండి, రాగి, ఇత్తడి అయితేనే తవ్వాలి. ఇనుమంటే చెత్త."

అక్కడ దొరికాడు. "బంగళా అంటే ఏమిట్రా? వాసాల మేకులు, తలుపు బందులు, ఎడ్ల నాడాలు. ఆనకట్టకు రాయి కొట్టినవాడి దగ్గర వెండి ఎక్కడిది? వాడు పోగొట్టుకున్నది విరిగిన ఉలి మొన, పగిలిన సమ్మెట ముక్క. నీ యంత్రానికి దొర జేబులోంచి జారింది వినబడుతుంది. కూలివాడి చేతిలోంచి జారింది వినబడదు. అది దాని తప్పు కూడా కాదు. ఆ మీట నువ్వే తిప్పావు."

వాడు మేకును కాసేపు వేళ్ళ మధ్య తిప్పాడు. నాలుగు పలకలా సుత్తి దెబ్బలు ఇంకా కనిపిస్తున్నాయి. తల ఒక వైపుకు ఒరిగింది, ఎవరో చివరి దెబ్బ పక్కకి వేసినట్టు.

"సరే బాబాయ్. రేపు పొద్దున తీసుకెళ్ళి ఎక్కడిదక్కడ పెట్టేస్తా."

ఇంత త్వరగా ఒప్పుకుంటాడనుకోలేదు. ఇంకో రెండు వాదనలు దాచుకున్నాను, వృథా అయ్యాయి.

"ఏ గుంతలో?"

ఫోన్ తీసి ఫొటోలు ఒక్కొక్కటే జరుపుతూ పోయాడు. మొండిగోడ ముందు నలుగురూ, మర్రి ఊడల కింద నలుగురూ, యంత్రం ఎత్తి పట్టుకుని నలుగురూ. నేల ఒక్కదాంట్లోనూ పడలేదు.