కరిగిన మైనం మైనమేనా?

మైనం వేడికి కరుగుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. ఈ రెండు స్థితుల్లోనూ ఉన్నది ఒకే ద్రవ్యమా? నెయ్యి, లక్క, మైనం నిప్పు తగిలితే నీటిలా ద్రవిస్తాయని ప్రాచీన భారతీయ తత్వవేత్త కణాదుడి వైశేషిక సూత్రాలు గుర్తించాయి. నీటికి ద్రవత్వం సహజం. మైనానికి అది నైమిత్తికం, అంటే వేడి అనే నిమిత్తం వల్ల కలిగినది. అందుకే కరిగినా మైనం పృథివీ (భూమి) ద్రవ్యమే.

1641లో ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్ ఇదే మైనాన్ని ఉదాహరణగా తీసుకున్నాడు. వాసన, రంగు, ఆకారం పోయినా అది అదే మైనమని తెలిపేది ఇంద్రియాలు కావు, బుద్ధి అన్నాడు. వైశేషికులు మాత్రం గుణాలు మారినా వాటికి ఆశ్రయమైన ద్రవ్యం బయటే, వాస్తవంగానే ఉందన్నారు.

దీపావళికి ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్ ఇళ్లలో కొవ్వొత్తులు చేసేవారికి ఈ చర్చ చేతిపనిలోనే ఎదురవుతుంది. గాజు గ్లాసులో పోసిన సోయా మైనం చల్లారాక ఒత్తి చుట్టూ గుంటపడితే, వేడి గాలి ఊదే హీట్ గన్‌తో పైపొరను మాత్రమే కరిగించి నున్నగా చేస్తారు. సోయా మైనం సుమారు 50 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. పెయింట్ ఊడదీసే గన్‌లు 500 డిగ్రీలు దాటుతాయి. కాబట్టి వేడినీ గాలి వేగాన్నీ తగ్గించుకోగల చిన్న గన్ మేలు. గాలి జోరెక్కువైతే మైనం చిందుతుంది. వేడి ఒకేచోట నిలిస్తే గాజు పగలొచ్చు.

ద్రవ్యాన్ని మనిషి సృష్టించడు, నిమిత్తాన్ని ఎంచుకుంటాడు. ఆ నిమిత్తాన్ని ద్రవ్య స్వభావానికి తగిన మోతాదులో వాడడమే పనితనం, అదే వివేకం కూడా.