పడమటి గోడ పక్కన ఏం నాటాలి?

తొలకరి పడగానే నర్సరీల దగ్గర సందడి మొదలవుతుంది. అక్కడ పచ్చటి నీడవలల కింద ఏ మొక్క చూసినా ముచ్చటగానే ఉంటుంది. మన పెరట్లో ఆ నీడ ఉండదు. ఎండాకాలం మధ్యాహ్నం పడమటి గోడ మీద చెయ్యి వేయలేం. మొక్క కొనేముందు ఆ గోడను ఒకసారి తలచుకోవాలి.

అలాంటి చోటికి నా ఓటు కాగితంపూల మొక్కకే. దక్షిణ అమెరికా నుంచి వచ్చిందైనా మన ఎండకు ఇట్టే అలవాటుపడింది. ఒక గుత్తిని దగ్గరగా పట్టుకుని చూడండి. మనం రంగురంగుల రేకులనుకునేవి నిజానికి ఆకులే. అసలు పువ్వు వాటి మధ్యలో, సన్నటి గొట్టం చివర తెల్లటి చుక్కలా ఉంటుంది. దీనికి రోజూ నీళ్లు పోస్తే ఆకు పెరిగి పూత తగ్గుతుంది. మన్ను కాస్త ఆరనిస్తేనే విరగబూస్తుంది.

నందివర్ధనం, నూరువరహాలు, మందారం కూడా ఎండను ఇష్టపడేవే. కాకపోతే వేసవిలో నీళ్లు అందాలి. గన్నేరుకు ఆ బెంగ లేదు గానీ దాని ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. పసిపిల్లలు, పశువులు తిరిగే ఇంట్లో వద్దు. త్వరగా ఎదుగుతుందని కోనోకార్పస్ చెట్టు జోలికీ వెళ్లకండి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడమే నిషేధించింది.

మూరెడు లోతు గుంత తీసి, చివికిన పశువుల ఎరువు కలిపి, సాయంత్రం పూట నాటండి. మొక్క మొదలు చుట్టూ ఎండుటాకులు పరచండి. ఈ వానల్లో మీ గోడకు తగిన మొక్క ఒక్కటైనా పెట్టండి.