చెరసాలలో ప్రార్థన

లండన్ నగరంలో 1842లో ప్రారంభమైన పెంటన్‌విల్ కారాగారంలో ఒక ప్రార్థనా మందిరం ఉండేది. మెట్లు మెట్లుగా పైకి లేచిన వరుసలలో ప్రతి ఖైదీకీ నిలువుపెట్టె వంటి ఒక చెక్క అర ప్రత్యేకించారు. అందులో నిలుచున్నవానికి ఎదుటి వేదికపై మతబోధకుడు కనిపిస్తాడు గాని పక్కవాడు కనిపించడు. గదినుండి మందిరానికి వచ్చే దారిలో ముఖాన్ని కప్పే టోపీ ధరించాలి. వందలమంది ఒకే కప్పు కింద ఒకే కీర్తన పాడుతూ, ఎవరికి వారు ఏకాకులుగా ఉండాలన్నదే ఈ ఏర్పాటు ఉద్దేశం. లింకన్ కోటలోని పాత కారాగారంలో అటువంటి మందిరం నేటికీ నిలిచి ఉంది.

దీనిని నిర్మించినవారు క్రూరులు కారన్న సంగతిని ముందుగా గుర్తించాలి. 1777లో జాన్ హోవార్డ్ తన గ్రంథం ద్వారా ఇంగ్లండు చెరసాలల దుస్థితిని లోకానికి వెల్లడించాడు. 1813లో ఎలిజబెత్ ఫ్రై న్యూగేటు జైలులో స్త్రీలు, పసిబిడ్డలు పడుతున్న నరకయాతనను కళ్ళారా చూసింది. కిక్కిరిసిన ఆ గదులలో చిన్న నేరస్థుడు పెద్ద నేరస్థునివద్ద విద్య నేర్చుకొని బయటికి వచ్చేవాడు. అందుచేత ఖైదీని ఖైదీనుండి వేరుచేయాలనీ, ఏకాంతంలో అతని అంతరాత్మ మేల్కొంటుందనీ సంస్కర్తలు విశ్వసించారు. అమెరికాలో ఫిలడెల్ఫియా కారాగారం 1829 నుండి ఈ మార్గాన్నే అనుసరించింది. పెంటన్‌విల్‌లోని 520 గదులు ఆ విశ్వాసానికి ఇటుకలతో ఇచ్చిన రూపం.

విశ్వాసం నిబంధనగా మారినప్పుడు ఏమవుతుంది? పెంటన్‌విల్‌లో తొలుత నిర్ణయించిన ఏకాంత కాలం పద్దెనిమిది నెలలు. ఆ తరువాత ఖైదీని ఆస్ట్రేలియాకు పంపేవారు. సత్ప్రవర్తన కనబరచినవానికి అక్కడ చాలావరకు స్వేచ్ఛ, మధ్యరకానికి పరిమితమైన స్వేచ్ఛ, మొండివానికి కఠిన శిక్ష. ఇటువంటి చోట పశ్చాత్తాపానికి ఒక వెల ఏర్పడుతుంది. కన్నీరు కార్చినవాడు నిజంగా కరిగాడో, లెక్క తెలిసినవాడో మతబోధకుడు సైతం చెప్పలేడు. మరింత విషాదమేమంటే, కొంతకాలానికి ఆ ఖైదీ కూడా చెప్పలేడు.

ఆచరణలో మనిషి తన దారి తాను వెతుక్కున్నాడు. గొంతెత్తి కీర్తన పాడే వేళ ఆ రాగంలోనే పక్క అరలోని వానికి కబురు చెప్పేవారు. దైవస్తుతి కోసం కట్టిన మందిరం వారికి సాటిమనిషి స్వరం వినిపించే చోటయింది. ఏకాంతాన్ని భరించలేక కొందరికి మతి చలించింది. పద్దెనిమిది నెలల గడువును క్రమంగా తొమ్మిదికి తగ్గించారు. చెక్క అరలనూ ముఖం కప్పే టోపీలనూ కూడా తరువాతి కాలంలో తొలగించారు. 1842లోనే ఫిలడెల్ఫియా కారాగారాన్ని చూసిన చార్లెస్ డికెన్స్, ఈ పద్ధతి రూపకర్తల సదుద్దేశాన్ని శంకించకుండానే దానిని తీవ్రంగా ఖండించాడు.

అయితే మరొక పక్షమూ ఉంది. ఆ గోడలమధ్య ఖైదీకి అక్షరాలు నేర్పినవారున్నారు, చేతిపని నేర్పినవారున్నారు. రోజంతా మౌనంలో మునిగినవానికి మతబోధకుని పలకరింపు చిన్న విషయం కాదు. ఆ పలకరింపుతో ఏ ఒక్క హృదయమూ మారలేదనడం సాహసమే అవుతుంది. కాని ఆ మార్పుకు కారణం మనిషి మనిషితో మాట్లాడటమా, లేక మాట్లాడనీయకుండా చేసిన గోడా? ఈ ప్రశ్నను సంస్కర్తలు తగినంతగా వేసుకోలేదు.

1877లో కారాగారాలన్నీ ప్రభుత్వపరమైన పిమ్మట ఎడ్మండ్ డ్యూకేన్ హయాంలో ఆత్మసంస్కరణ ఆశయం వెనుకబడి, ఏకాంతం శిక్షగా మిగిలింది. ఆ కాఠిన్యాన్ని 1895లో గ్లాడ్‌స్టన్ సంఘం విమర్శించింది. కాని మరుసటి ఏడాదే అండమాన్‌లో సెల్యులర్ జైలు నిర్మాణం మొదలైంది. ఒంటరి గదుల నమూనా సముద్రం దాటి వచ్చింది. మనసు మార్చాలన్న ఆశ దానితో రాలేదు. స్వాతంత్ర్యయోధుల ఎడల దాని ప్రయోజనం వారిని లొంగదీయడమే.

మన దేశంలో 1975లో జైపూరు జైలులోను, 1990ల తొలినాళ్ళలో తీహారు జైలులోను విపశ్యన ధ్యాన శిబిరాలు జరిగాయి. ఆధ్యాత్మిక సాధనకు జైలులో చోటు ఉండవచ్చుననడానికి ఇవి ఉదాహరణలు. అయితే అటువంటి ప్రతి ప్రయత్నాన్నీ పెంటన్‌విల్ ఒక ప్రశ్న అడుగుతూనే ఉంటుంది: కాదనే హక్కు ఖైదీకి ఉన్నదా? కాదన్నందువల్ల అతని విడుదల ఒక్కరోజైనా వెనుకపడదని హామీ ఉన్నదా?

ప్రార్థనకు తలుపు తెరిచి ఉంచడం రాజ్యం చేయగలిగిన పని. ఆ గడప దాటడం మాత్రం మనిషి తనకు తానై చేయవలసినది. శరీరాన్ని బంధించే అధికారం చట్టం రాజ్యానికి ఇచ్చింది. మోకరించే మనసుపై అటువంటి అధికారాన్ని ఏ చట్టమూ ఇవ్వజాలదు.